అర్బాజ్ మీర్ మనోడేనా? పిల్లలు ఆడే గేమ్‌లో చరిత్ర ఎంత, కథ ఎంత

"అబ్బూ, ఈ గేమ్‌లో హీరో పేరు అర్బాజ్ మీర్. మనోడేనా?"

పదో తరగతి పిల్లవాడు ఇట్ల అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒక్కటే. "ముందు ఆ కంప్యూటర్ బంద్ చెయ్." ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ పిల్లవాడి ప్రశ్నలో కూడా విషయం ఉంది. తుపాకుల ఆటల్లో మన పేర్లున్నవాళ్లు ఎక్కువగా ఎటువైపు కనబడతారో పిల్లలకు బాగా తెలుసు. ఎడారి, గడ్డం, తలకు రుమాలు కనబడితే చాలు, వాడు కాల్చాల్సిన శత్రువు. అట్లాంటి చోట ఒక ముస్లిం పేరు హీరోగా వస్తే వాడికి సంతోషం కలగడంలో వింత లేదు. అయితే ఆ సంతోషంలో గేమ్ చెప్పిందంతా నిజమైన తారీఖ్ అని నమ్మేయొచ్చు. కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా ఇప్పటి పిల్లలు పాఠ్యపుస్తకం కంటే ముందు స్క్రీన్ మీదే చరిత్రను చూస్తున్నారు. కాబట్టి ఆ గేమ్ ఏమిటో, అందులో నిజమెంతో తల్లిదండ్రులకు కొంచెమైనా తెలిసి ఉండాలి.

ఏమిటీ గేమ్?

దీని పేరు 'అసాసిన్స్ క్రీడ్ క్రానికల్స్: ఇండియా'. 2016 జనవరి 12న వచ్చింది. విడుదల చేసింది ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ కంపెనీ, తయారుచేసింది బ్రిటన్‌లోని క్లైమాక్స్ స్టూడియోస్. 'క్రానికల్స్' అనే మూడు భాగాల వరుసలో ఇది రెండోది. మొదటి భాగం 2015 ఏప్రిల్‌లో వచ్చింది. అది 1526 నాటి చైనా కథ, అందులో హీరో షావ్ జున్ అనే మహిళ. మూడోది 1918 నాటి రష్యా కథ, హీరో నికొలాయ్ ఒరెలోవ్. మధ్యలో ఉన్న మన దేశం కథ 1841లో జరుగుతుంది. హీరో అర్బాజ్ మీర్.

ఆట తీరు చెప్పాలంటే, బొమ్మల పుస్తకాన్ని పక్కనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. అర్బాజ్ కోట గోడలు ఎక్కుతాడు, పైకప్పుల మీద పరుగెడతాడు, పరదాల వెనుక దాక్కుంటాడు. సిపాయి చూపు ఎంతదూరం పడుతుందో తెర మీద రంగుతో చూపిస్తారు. ఆ రంగులో అడుగు పెట్టకుండా దాటుకోవాలి. చేతిలో తల్వార్, విసిరే చక్రాలు ఉంటాయి. ఎవరి కంటా పడకుండా, ఎవరినీ చంపకుండా దాటినవాళ్లకు విడిగా మార్కులుంటాయి. రంగులు, నకాషీలు చూడ్డానికి బాగుంటాయి. ఆటగా మాత్రం దీనికి విమర్శకులు అంతంత మాత్రం మార్కులే వేశారు.

అర్బాజ్ ఈ గేమ్‌తో పుట్టినవాడు కాదు. 2013లో వచ్చిన 'బ్రాహ్మన్' అనే బొమ్మల కథలో మొదట కనిపించాడు. అది 1839లో, మహారాజా రంజిత్ సింగ్ చనిపోయిన ఏడాది చుట్టూ తిరిగే కథ. అర్బాజ్ కొడుకు జయదీప్ మీర్ కూడా ఈ లోకంలోనే ఉన్నాడు. 2015లో వచ్చిన 'సిండికేట్' అనే పెద్ద గేమ్‌లో, 1868 నాటి లండన్‌లో, హెన్రీ గ్రీన్ అనే పేరుతో ఉంటాడు. వీళ్లెవరూ నిజంగా బతికిన మనుషులు కారు. తండ్రీ కొడుకులిద్దరూ రచయితలు కల్పించినవాళ్లే.

ప్రతిసారీ కొత్త హీరో ఎందుకు?

మామూలుగా సినిమా రెండో పార్ట్ వస్తే పాత హీరోనే వస్తాడు. ఈ గేమ్‌ల వరుసలో అట్లా కాదు. 2007లో వచ్చిన మొదటి గేమ్ 1191 నాటి సలీబీ యుద్ధాల కాలంలో, డమాస్కస్, అక్కా, జెరూసలేం నగరాల్లో జరుగుతుంది. హీరో పేరు అల్తాయిర్. అరబ్బీలో ఎగిరేవాడు, పక్షి అని అర్థం. 2009లో రెండోది ఇటలీకి పోయింది, హీరో ఎజియో. 2012లో మూడోది అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి పోయింది, హీరో తల్లివైపు మోహాక్ ఆదివాసీ. 2017లో ఈజిప్టు. 2023లో వచ్చిన 'మిరాజ్' 9వ శతాబ్దపు బగ్దాద్‌కు పోయింది, హీరో బాసిం. ఈ బాసిం 2020 నాటి 'వల్హల్లా'లో పక్క పాత్ర. మరుసటి గేమ్‌కు వాడినే ముందుకు తెచ్చారు.

దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది వ్యాపారం. కొత్త దేశం, కొత్త కాలం చూపిస్తేనే పాత ఆటగాడు మళ్లీ డబ్బు పెట్టి కొంటాడు. రెండోది కథలోనే ఉంది. 'ఆనిమస్' అనే యంత్రం మనిషి రక్తంలో దాగిన పూర్వీకుల జ్ఞాపకాలను చూపిస్తుందని ఇందులో చెబుతారు. ఆటగాడు ఆ జ్ఞాపకంలోకి పోయి ఆడుతున్నట్టు లెక్క. అట్లాంటి యంత్రం ఎక్కడా లేదు, అట్లాంటి సైన్సూ లేదు. కానీ ఈ పద్ధతి వల్ల పిల్లవాడికి "ఇది కథ" అనిపించదు, "జరిగింది చూస్తున్నా" అనిపిస్తుంది. మనం జాగ్రత్తగా ఉండాల్సింది సరిగ్గా ఇక్కడే.

1841లో నిజంగా ఏం జరుగుతోంది?

గేమ్‌లో పంజాబ్‌లోని సిక్కు రాజ్యానికీ ఈస్టిండియా కంపెనీకీ మధ్య ఉద్రిక్తత చూపిస్తారు. అది నిజమే. రంజిత్ సింగ్ 1839 జూన్ 27న చనిపోయాడు. ఆ తర్వాత గద్దె కోసం కుటుంబంలోనే గొడవలు మొదలై, 1841 నాటికి షేర్ సింగ్ రాజయ్యాడు. కంపెనీ అప్పటికే అఫ్ఘానిస్తాన్ మీద పడింది. 1841 నవంబర్ 2న కాబూల్‌లో జనం తిరగబడి అలెగ్జాండర్ బర్న్స్ అనే కంపెనీ అధికారిని చంపారు. ఆ తర్వాత కొన్నేళ్లకే కంపెనీ రెండు యుద్ధాలు చేసి, 1849లో పంజాబ్‌ను మింగేసింది.

ఆ బర్న్స్ ఈ గేమ్‌లో విలన్లలో ఒకడు. ఇంకొక విలన్ విలియం స్లీమన్. ఇద్దరూ నిజంగా బతికిన మనుషులు. గేమ్ వాళ్లను 'టెంప్లర్లు' అనే రహస్య ముఠాలో సభ్యులుగా చూపిస్తుంది. అది కల్పన. అర్బాజ్ ప్రేమించే ప్యారా కౌర్, రంజిత్ సింగ్ మనవరాలు అన్నదీ కల్పనే.

ఆ దర్బార్‌లో నిజంగా ఉన్న ముస్లిం పేరు ఏదైనా ఉందా అని పిల్లవాడు అడిగితే చెప్పడానికి మంచి పేరు ఉంది. ఫకీర్ అజీజుద్దీన్. రంజిత్ సింగ్‌కు హకీం, విదేశాంగ వ్యవహారాలు చూసిన వజీర్. బ్రిటిష్ వాళ్లతో మాటలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచేవి. 1841లో ఆయన బతికే ఉన్నాడు. సిక్కు రాజు దగ్గర ముస్లిం వజీర్ అంత నమ్మకంగా పనిచేశాడంటే, ఆ కాలం ఎట్లా ఉండేదో పిల్లవాడికి కొంత తెలుస్తుంది. అర్బాజ్ దూకిన గోడలు ఎన్ని లెక్కపెట్టినా అది తెలియదు.

కోహినూర్: కృష్ణా ఒడ్డు నుంచి లండన్ దాకా

కథ అంతా కోహినూర్ వజ్రం చుట్టూ తిరుగుతుంది. గేమ్‌లో అది ఏవో మహిమలున్న పురాతన యంత్రం ముక్క. అసలు కోహినూర్ మన తెలుగు నేలతో ముడిపడిన వస్తువు. అది ఏ గనిలో దొరికిందో కచ్చితంగా చెప్పే ఆధారం లేదు. ఎక్కువమంది చెప్పేది మాత్రం గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గని. అది ఇప్పటి పల్నాడు జిల్లాలో, కృష్ణా ఒడ్డున ఉంది. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. 17వ శతాబ్దంలో ఫ్రెంచి నగల వ్యాపారి తవెర్నియే ఆ గని చూసి, సుమారు 60 వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. కుతుబ్ షాహీల కాలంలో లోకమంతా గోల్కొండ వజ్రం అంటే పడిచచ్చేది.

1739లో నాదిర్ షా ఢిల్లీని దోచుకుపోయినప్పుడు కోహినూర్ ఇరాన్‌కు పోయింది. కాంతి పర్వతం అని అర్థమిచ్చే ఆ పేరు అప్పటిదే అంటారు. అక్కడి నుంచి అఫ్ఘాన్ పాలకుల చేతికి వచ్చింది. 1813లో గద్దె పోగొట్టుకున్న షా షుజా దాన్ని లాహోర్‌లో రంజిత్ సింగ్‌కు ఇవ్వాల్సివచ్చింది. 1849లో పంజాబ్ పడిపోయినప్పుడు, పదేళ్ల పిల్లవాడైన దులీప్ సింగ్ చేత కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టించింది. అందులో కోహినూర్‌ను విక్టోరియా రాణికి అప్పగించాలని విడిగా ఒక షరతు ఉంది. 1850లో అది రాణి చేతికి చేరింది. 1852లో దాన్ని మళ్లీ కోయించారు. అంతకుముందు సుమారు 186 క్యారట్లున్నది 105.6 క్యారట్లకు తగ్గింది. ఇప్పుడు లండన్ టవర్‌లో ఒక కిరీటంలో ఉంది.

గేమ్‌లో విలన్ వజ్రాన్ని దొంగతనంగా ఎత్తుకుపోవాలని చూస్తాడు. నిజంగా అది పోయింది కాగితం మీద, పదేళ్ల పిల్లవాడి సంతకంతో. ఏది పెద్ద దోపిడో పిల్లవాడినే ఆలోచించమనండి.

స్లీమన్, ఠగ్గులు, నిజాం కొలువులో ఒక దొర

గేమ్‌లో విలన్ అయిన స్లీమన్, ఇంగ్లీషు పుస్తకాల్లో మాత్రం పెద్ద హీరో. 1830ల్లో బాటసారులను గొంతు బిగించి చంపే ఠగ్గుల ముఠాలను అణచిన అధికారి. మధ్యప్రదేశ్‌లో ఆయన పేరుతో స్లీమనాబాద్ అనే ఊరు ఇప్పటికీ ఉంది. దారిదోపిడి ముఠాలు ఆ కాలంలో ఉన్నమాట నిజమే, వాటిలో హిందువులూ ముస్లింలూ ఇద్దరూ ఉన్నారు. కానీ కంపెనీ దాన్ని మతంతో ముడిపెట్టి, దేశమంతా పాకిన ఒక రహస్య సంఘంగా పెంచి చూపించిందని ఇప్పటి చరిత్రకారులు చాలామంది అంటారు. ముఠాలోనే ఉండి ముఖ్బిర్‌గా మారినవాళ్ల మాట మీదే ఎంతోమందికి శిక్షలు పడ్డాయి.

ఈ కథను ఇంగ్లండ్‌లో ఇంటింటికీ చేర్చింది మన హైదరాబాద్ రాజ్యంలో కొలువు చేసిన దొర. పేరు ఫిలిప్ మెడోస్ టేలర్. నిజాం సైన్యంలో పనిచేశాడు. 1839లో 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ ఠగ్' అనే నవల రాశాడు. ఆ నవలలో తన హత్యలన్నీ తానే చెప్పుకునే ఠగ్గు పేరు అమీర్ అలీ. పుస్తకం ఇంగ్లండ్‌లో విపరీతంగా అమ్ముడుపోయింది. ముస్లిం పేరున్న హంతకుడు, అతన్ని పట్టుకునే తెల్లదొర అనే జత అప్పటి నుంచే ఇంగ్లీషు పాఠకులకు అలవాటైంది.

ఇప్పుడు గేమ్ సంగతి చూడండి. దొర విలన్ అయ్యాడు, ముస్లిం పేరున్నవాడు హీరో అయ్యాడు. నూట డెబ్బై ఏళ్లకు పైగా గడిచాక పాత కథ తలకిందులైంది. ఇది మంచి మార్పే, కాదనలేం. కానీ హీరో చేసే పని ఏమిటి? మళ్లీ చీకట్లో పొంచి ఉండి చంపడమే. అమీర్ అలీ చేతిలో రుమాలు, అర్బాజ్ చేతిలో కత్తి. కథలో చోటు మారింది గానీ పని మారలేదు.

'అసాసిన్' అనే మాట ఎక్కడిది?

ఇంగ్లీషులో రహస్య హంతకుడిని అసాసిన్ అంటారు. అది 'హషీషీ' అనే అరబ్బీ మాట నుంచి వచ్చింది. 1090లో ఇరాన్‌లోని అలమూత్ కోటను పట్టుకున్న హసన్ సబ్బాహ్ అనుచరులను, తర్వాత సిరియాలోని మస్యాఫ్ కోటలో ఉన్నవాళ్లను శత్రువులు ఆ మాటతో తిట్టేవారు. వాళ్లు నిజారీ ఇస్మాయిలీలు, షియాల్లో ఒక శాఖ. పెద్ద సైన్యం లేదు గనుక శత్రువుల నాయకులను ఎంచుకుని చంపేవారు. 1092లో సల్జూఖ్ వజీర్ నిజాముల్ ముల్క్‌ను చంపింది వాళ్లేనని చరిత్రలో రాసి ఉంది. సలాహుద్దీన్ అయ్యూబీ మీదా దాడులు చేశారు. 1256లో హులగూ సైన్యం అలమూత్‌ను కూల్చింది.

హషీష్ తాగించి, తోటల్లో జన్నత్ చూపించి కుర్రాళ్లను హత్యలకు పంపేవారన్న కథ సలీబీల నుంచి, మార్కో పోలో లాంటి యాత్రికుల నుంచి యూరప్‌లో పాకింది. ఇస్మాయిలీల సొంత రాతల్లో దానికి ఆధారం లేదు.

గేమ్‌లో అసాసిన్లకు ఒక నినాదం ఉంది. సత్యమన్నదీ లేదు, నిషేధమన్నదీ లేదు అని దాని సారం. చాలామంది పిల్లలు అది ఎవరో పాత ముస్లింల మాట అనుకుంటారు. గేమ్‌కు అది వచ్చింది 1938లో స్లొవేనియా రచయిత వ్లదిమిర్ బార్తోల్ రాసిన 'అలమూత్' నవల నుంచి. హలాల్, హరాం తేడాతో పెరిగే మన పిల్లలకు ఈ మాట ఎందుకు సరిపడదో కూర్చోబెట్టి చెప్పాలి. గేమ్‌లో వినబడే అరబ్బీ మాటలు చూసి, దాంట్లో ఉన్నదంతా దీన్ అనుకోకూడదని కూడా చెప్పాలి.

ఇంట్లో ఏం చేయాలి?

గేమ్‌లు జాయిజా, నాజాయిజా అన్న ఫత్వా ఇవ్వడం ఈ వ్యాసం పని కాదు. అది మీ మసీదు ఆలిమ్‌ను అడగండి. తల్లిదండ్రులుగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, వయసు గుర్తు చూడండి. ప్రతి గేమ్ మీదా అది రాసి ఉంటుంది. ఈ వరుసలోని పెద్ద గేమ్‌లకు అమెరికాలో 17 ఏళ్లు దాటినవాళ్లకే అనే గుర్తు ఉంది. రక్తం, హత్యలు ఉంటాయి. ఆరో తరగతి పిల్లలకు ఇచ్చే వస్తువు కాదు ఇది.

రెండోది, పెద్ద పిల్లలు ఆడుతుంటే ఒక్కరోజైనా పక్కన కూర్చోండి. "ఈయన నిజంగా ఉన్నాడా? ఈ ఊరు ఎక్కడ?" అని అడగండి. తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. తిట్టినప్పుడు వినని మాట, పక్కన కూర్చుని అడిగితే వింటారు.

మూడోది, చంపకుండా చూసే దారి ఉందని తెలుసుకోండి. ఈజిప్టు గేమ్‌కు 2018లో 'డిస్కవరీ టూర్' అని ఒక భాగం చేర్చారు. అందులో కొట్లాట ఉండదు. పిరమిడ్లు, నైలు ఒడ్డు ఊళ్లు తిరుగుతూ చరిత్ర వినొచ్చు. బగ్దాద్ గేమ్‌లో కూడా అబ్బాసీల కాలం గురించి, బైతుల్ హిక్మా గురించి చదువుకునే చిన్న పాఠాలు చేర్చారు. ఆడకపోయినా అవి చదవదగ్గవే.

నాలుగోది, వేళ. నమాజుకు, చదువుకు, నిద్రకు అడ్డం వచ్చేది ఏదైనా నష్టమే. గంట పెట్టండి. ఆ గంట మీ ఫోన్‌కు కూడా వర్తింపజేయండి, లేకపోతే పిల్లలు వినరు.

మన కోటల కథ ఎవరు చెప్పాలి?

గోడలెక్కే హీరోను చూడాలంటే అమృత్‌సర్ దాకా పోనక్కర్లేదు. కరీంనగర్ నుంచి సిరిసిల్ల రోడ్డు మీద కొద్దిదూరం పోతే, మానేరు పక్కన ఎల్గందుల కోట ఉంది. కాకతీయుల నుంచి ఆసఫ్ జాహీల దాకా ఎన్నో రాజ్యాలు అక్కడ నడిచాయి. కొండమీద మసీదు, జఫరుద్దౌలా కట్టించాడని చెప్పే జంట మినార్లు ఇప్పటికీ ఉన్నాయి. ఒకప్పుడు జిల్లా పేరే ఎల్గందుల. తర్వాత సయ్యద్ కరీముద్దీన్ అనే ఖిలేదార్ పేరు మీద కరీంనగర్ అయింది. ఆ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

నిర్మల్ వైపు పోతే ఇంకా పెద్ద కథ ఉంది. 1857 తర్వాత రాంజీ గోండు నాయకత్వంలో గోండులు, రోహిల్లా ముస్లింలు కలిసి బ్రిటిష్, నిజాం సైన్యాల మీద పోరాడారు. 1860లో రాంజీని నిర్మల్‌లో ఉరితీశారు. ఒక్క మర్రిచెట్టుకే వెయ్యిమందిని వేలాడదీశారని, అందుకే దాన్ని వెయ్యి ఉరుల మర్రి అంటారని ఇక్కడి పెద్దలు చెబుతారు. ఆదివాసులు, ముస్లింలు భుజం కలిపి నిలబడిన ఆ కథ మీద పెద్ద గేమ్ ఏదీ లేదు. అందులో దాక్కుని చంపేవాడు లేడు, ఎదురు నిలబడి చనిపోయినవాళ్లు ఉన్నారు.

గేమ్‌లు చేసే పని మన దగ్గరకూ వచ్చింది. యూబీసాఫ్ట్‌కు పుణేలో స్టూడియో ఉంది. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో 'అసుర' అనే గేమ్ సొంతంగా చేసింది. బొమ్మలు వేయడం, కథ రాయడం, కోడింగ్ తెలిసిన పిల్లలకు ఇది కూడా ఒక ఉద్యోగమే. రేపు నిర్మల్ కథను గేమ్‌గా చేసేది మన పిల్లవాడో, మన అమ్మాయో ఎందుకు కాకూడదు? అయితే దానికి ముందు వాళ్లకు ఆ కథ తెలిసి ఉండాలి.

ఇక మొదటి ప్రశ్నకు జవాబు. "బేటా, ఆ పేరు మనది. ఆ కథ వేరేవాళ్లు రాసింది. అందులో కంపెనీ దొరలు నిజం, కోహినూర్ నిజం, అర్బాజ్ నిజం కాదు." ఇట్లా చెప్పి, వచ్చే ఆదివారం అస్ర్ లోపు తిరిగొచ్చేటట్టు పిల్లలను ఎల్గందులకు తీసుకెళ్లండి. దాదా, దాదీలను కూడా వెంట తీసుకుపోండి. కోట గురించి వాళ్లు చెప్పే మాటలు ఏ గేమ్‌లోనూ దొరకవు.